రాత్రి వేళ అర ఇంచు: ఒక ఇంటర్ విద్యార్థి కేసు

2025 సంక్రాంతి సెలవుల్లో ఇంటికొచ్చిన పదిహేడేళ్ళ అబ్బాయి వాళ్ళక్కని ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగాడు. "కాలేజీ మధ్యలో మానేస్తే కట్టిన ఫీజు తిరిగిస్తారా అక్కా?" మొదటిసారి ఆమె నవ్వేసింది. రెండోసారి విసుక్కుంది. మూడోసారి భోగిమంట దగ్గర అడిగాడు, ఈసారి ప్రశ్న మారింది. "మానెయ్యడం కాదు, అసలు పిల్లాడే లేకపోతే ఇస్తారా?"

అక్క నర్సింగ్ చదువుతోంది. గొడ్ల చావిట్లోకి వెళ్ళి 14416కి ఫోన్ చేసింది. అది టెలీ మానస్ నంబరు. 2022 అక్టోబరు 10న మొదలైన జాతీయ మానసిక ఆరోగ్య సహాయ లైను. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. బాధలో ఉన్నమనిషే చెయ్యాలని లేదు, ఇంట్లోవాళ్ళు చేసినా వింటారు. అవతలి కౌన్సెలర్ ఆమెకు మూడు పనులు చెప్పారు. ఈ రాత్రి తమ్ముణ్ణి ఒంటరిగా పడుకోనివ్వొద్దు. పొలం మందులున్న గదికి తాళం వేసి తాళంచెవి నాన్న దగ్గర పెట్టించండి. పండగ అయ్యేదాకా ఆగొద్దు, ఎవరికైనా చూపించండి.

కనుమ నాడు అక్కా తమ్ముడూ నా దగ్గరికి వచ్చారు.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. కోస్తాలో ఒక పట్నంలో ప్రాక్టీసు చేస్తూ, కుర్రవాళ్ళ ఆత్మహత్యల నివారణ మీద, అందులో ఫోన్ ఎంతవరకు ఆసరా అవుతుందన్నదాని మీద పరిశోధన చేస్తున్నాను. ఈ కేసు రాయడానికి అబ్బాయీ, వాళ్ళ నాన్నగారూ, అక్కా ముగ్గురూ ఒప్పుకున్నారు. ఊరు చెప్పను, కొన్ని వివరాలు మార్చాను. పల్నాడు వైపు మెట్ట ఊరు, కౌలుకి మిర్చి వేసే ఇల్లు, రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ రెండో సంవత్సరం. ఇంతవరకు చాలు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ అంకె నాకు కంఠతా వచ్చు. ఎన్నిసార్లు చదివినా నేర్చుకోలేకపోయినవి కొన్ని ఈ ఒక్క కుర్రాడి దగ్గర నేర్చుకున్నాను.

అడిగిన తీరు

మా ఫారంలో ఒక ప్రశ్న ఇలా ఉండేది: "గత రెండు వారాలుగా మీకు నిరాశా నిస్పృహలు కలిగాయా?" అబ్బాయి "లేదు" దగ్గర టిక్కు పెట్టాడు. కింద ఉన్నవాటికీ దాదాపు అంతే. ఫారం చూస్తే ఇతనికి ఏ ఇబ్బందీ లేదు, ఇంటికి పంపెయ్యొచ్చు.

కాగితం పక్కన పెట్టి, "ఏమీ చెయ్యబుద్ధి కావట్లేదా?" అన్నాను.

తలెత్తాడు. "దసరా నుంచీ అంతే మేడమ్."

నిస్పృహ అనే మాట అతను ఎన్నడూ వాడలేదు. వాళ్ళింట్లో ఎవరూ వాడరు. ఇంగ్లిషు ప్రశ్నావళిని గ్రాంథికంలోకి దించి, తెలుగులో పరీక్షించామని చెప్పుకునే పరిశోధనలు మన దగ్గర తక్కువేం కాదు, నాదీ అందులో ఒకటి. అడగాల్సినవి "చిరాగ్గా ఉంటోందా, కడుపులో ఏదోలా ఉంటోందా, పుస్తకం తెరిస్తే అక్షరం ఎక్కట్లేదా" లాంటివి. ఇంకా ఒకటి అడగాలి, దాన్ని తిప్పి తిప్పి అడగకూడదు.

"చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?"

మన ఇళ్ళల్లో ఈ మాటతో ఒక చిక్కుంది. "ఈ పనితో చస్తున్నా", "చస్తే పీడా పోతుంది" అని రోజుకి పదిసార్లు అంటాం. కుర్రాడు నిజంగా అన్నప్పుడు కూడా అది ఊతపదంలా చెవి పక్కనుంచి పోతుంది. అందుకే నేను నెమ్మదిగా, మొహం చూస్తూ అడుగుతాను. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది లెక్చరర్లు భయపడతారు. మాడెలిన్ గూల్డ్ అనే పరిశోధకురాలి బృందం న్యూయార్క్ రాష్ట్రంలో 2,342 మంది హైస్కూలు విద్యార్థులతో దీన్ని పరీక్షించి చూసి, 2005లో ఫలితాలు ప్రచురించింది. అడిగినవాళ్ళలో బాధ గానీ ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే కుంగి ఉన్న పిల్లలకు కొంత ఊరటే కనిపించింది.

చాలాసేపటికి, "అప్పుడప్పుడు," అన్నాడు. తర్వాత, "నేను లేకపోతే నాయనకి అప్పు తీరుద్ది."

ఏమన్నా సిద్ధం చేసుకున్నాడా, ఏ రోజని అనుకున్నాడా, ఇంతకుముందు ప్రయత్నించాడా అని ఒక్కొక్కటే అడిగాను. ప్రయత్నం లేదు, రోజు అనుకోలేదు, ఆలోచన మాత్రం వారంలో నాలుగైదు రాత్రులు వస్తోంది. థామస్ జాయినర్ అనే మనస్తత్వవేత్త ఆత్మహత్య కోరికకు మూలంలో ఉండే రెండు నమ్మకాల గురించి 2005లో రాశారు: నావాళ్ళకు నేను భారం, నాకంటూ ఎవరూ లేరు. ఈ అబ్బాయికి రెండోది లేదు, అమ్మా నాయనా అక్కా అంటే ప్రాణం. మొదటిది నిండా ఉంది. నాయన అప్పుల పుస్తకం దసరాకి చూశాడు. శనివారం టెస్టులో మార్కులు తగ్గి కింది సెక్షనుకి మార్చారు. ఈ రెండూ ఒకే వారంలో జరిగాయి.

మొదటిరోజే ఒక ఒప్పందం చేసుకున్నాం. నాతో చెప్పినవి నాతోనే ఉంటాయి, ప్రాణం మీదికొచ్చే మాట తప్ప. అది మాత్రం నాయనకి చెప్తాను, ఎలా చెప్పాలో ఇద్దరం కలిసి అనుకుంటాం. అతను చెప్పిన షరతు ఒక్కటే. "పిచ్చి అనే మాట అనొద్దు." సైకియాట్రిస్టు గారు రెండు రోజుల్లో చూసి కుంగుబాటుకి మందు మొదలుపెట్టారు. ఈ వయసులో ఆ మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో పిల్లల్ని దగ్గరుండి కనిపెట్టుకోవాలి, అది అక్కకి విడమరిచి చెప్పారు. నాన్నగారు పొలం మందులన్నీ ఇంట్లోంచి తీసి, ఊళ్ళో తన తమ్ముడి గోడౌనులో పెట్టించారు. దీన్ని చిన్న పని అనుకోవద్దు. శ్రీలంక 1990ల నుంచి బాగా విషపూరితమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటే నిషేధిస్తూ వచ్చింది, రెండు దశాబ్దాల్లో అక్కడ ఆత్మహత్యల రేటు మూడింట రెండు వంతులకు పైగా పడిపోయింది.

కాగితం, ఫోన్, బోరు

స్టాన్లీ, బ్రౌన్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు తయారుచేసిన భద్రతా ప్రణాళిక ఒకటుంది. ఒక పేజీ కాగితం. ముప్పు వస్తోందని ఎలా తెలుస్తుంది, నాకు నేనుగా ఏం చేస్తాను, ఎవరి దగ్గరికి పోతాను, ఎవర్ని సాయమడుగుతాను, ఏ డాక్టరుకి, ఏ నంబరుకి ఫోన్ చేస్తాను, చుట్టూ ఏం తీసెయ్యాలి. 2018లో వాళ్ళు ప్రచురించిన అధ్యయనంలో, మాజీ సైనికుల ఆసుపత్రుల అత్యవసర విభాగాల్లో ఈ కాగితంతో పాటు ఇంటికెళ్ళాక ఫోన్లు కూడా చేసినచోట, ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రవర్తన 45 శాతం దాకా తగ్గింది. ఆ ఫోన్ల సంగతి చాలామంది మర్చిపోతారు. కాగితం నింపించి ఫైల్లో పెట్టేస్తారు.

అబ్బాయి కాగితంలో "ముప్పు గుర్తులు" కింద ఏం రాశాడో చూడండి: చదివిన లెక్కే మళ్ళీ చదవడం. ఫీజు మొత్తాన్ని క్వింటాళ్ళలోకి మార్చి చూడటం. అరచేతులు చల్లబడటం. ఏ పుస్తకంలోనూ దొరకని గుర్తులివి. రెండోదాన్ని నేను ఊహించను కూడా లేను.

తర్వాత ఫోన్. నేను తయారుచేస్తున్న చిన్న సాధనం రోజూ వాట్సాప్‌లో మూడు ప్రశ్నలు అడుగుతుంది, జవాబును బట్టి ఒక మాట పంపుతుంది. ఇంట్లో ఉన్నది వాళ్ళ నాయన ఫోనే. మా మొదటి ప్రశ్న తాళం వేసిన తెర మీదే కనబడింది, అదీ నాయన మిర్చి యార్డులో నలుగురి మధ్య ఉన్నప్పుడు. ఫోన్ ఒక్కరిదే అనుకుని చేసిన సాధనాలన్నిటికీ మన ఊళ్ళల్లో ఎదురయ్యే గోడ ఇదే. మరునాడు అబ్బాయి అడిగాడు, "మేడమ్, వేరేగా అడగొచ్చా?"

"ఎలా అడగను?"

"బోరు ఎంత పోస్తోంది అనండి."

మెట్ట రైతులు బోరుని ఇంచుల్లో చెప్తారు. రెండించుల నీళ్ళు పడ్డాయంటే ఇంటిల్లిపాదీ సంతోషం. అలా కొలత కుదిరింది. రెండించులంటే బాగున్నాడు. ఇంచంటే నడుస్తోంది. అర ఇంచంటే అదే పూట మాట్లాడాలి. "ఆగింది" అంటే ఏ వేళైనా సరే పక్కన మనిషి ఉండాలి. అర ఇంచుకి తగ్గితే ఆ మెసేజీ అక్క ఫోన్‌కి కూడా వెళ్తుంది, అతని ఒప్పుకోలుతోనే. నేను రాత్రి పది దాటితే చూడనని స్పష్టంగా చెప్పాను. చూస్తానని చెప్పి నిద్రపోవడం కంటే చూడనని చెప్పి 14416 రాసివ్వడం మేలు.

సాధనం పంపే జవాబుల్లో "నువ్వు ఒంటరివి కాదు" అని ఒకటుండేది. దాన్ని తీసేయించింది కూడా అతనే. "అది మిషన్ పంపిందని తెలిసిపోద్ది మేడమ్. ఆ మాట మిషన్ చెప్తే ఇంకా ఒంటరిగా ఉంటది." ఆస్ట్రేలియాలో కింబర్లీ ప్రాంతపు ఆదివాసీ యువత కోసం, వాళ్ళ కథలతో, వాళ్ళ బొమ్మలతో ఐబాబ్లీ అనే యాప్ చేశారు. 2017లో వచ్చిన దాని ఫలితాల్లో కుంగుబాటూ మనోవేదనా తగ్గాయి, ఆత్మహత్య ఆలోచనల్లో మాత్రం వాడనివాళ్ళతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వాళ్ళది 61 మందితో చేసిన చిన్న అధ్యయనం, దాన్ని తీర్పుగా తీసుకోను. అబ్బాయి మాటా, ఆ ఫలితమూ ఒకే వైపు చూపిస్తున్నాయని మాత్రం అనుకున్నాను. ఆ రోజు నుంచి మా సాధనం ఓదార్చడం మానేసింది. అడుగుతుంది, మనిషికి చేరవేస్తుంది, అంతే.

నా తప్పు

సంక్రాంతి తర్వాత అతను హాస్టల్‌కి తిరిగి వెళ్ళాలన్నాడు. జేఈఈ మెయిన్ ఉంది, మార్చిలో ఇంటర్ పరీక్షలు. ఆలోచనలు తగ్గాయి, నిద్ర పడుతోంది. సరేనన్నాను. హాస్టల్లో ఫోన్లు ఉండనివ్వరు. కాబట్టి బోరు లెక్క ఆగిపోయింది. దాని బదులు ప్రతి ఆదివారం ఆఫీసు ఫోన్‌లోంచి నాకు చెయ్యాలని అనుకున్నాం.

మొదటి ఆదివారం చేశాడు. "బాగున్నాను మేడమ్." రెండో ఆదివారం అదే మాట. నోట్సులో రెండుసార్లూ "నిలకడగా ఉన్నాడు" అని రాశాను. మూడో ఆదివారం ఔటింగ్‌కి అక్క వెళ్తే మనిషి సగమైపోయి ఉన్నాడు, ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆఫీసులో గుమస్తా బల్ల మీదే ఫోన్. వెనక మరో పదిమంది వరసలో నిలబడి ఉంటారు. అక్కడ ఏ పిల్లాడైనా బాగున్నాననే అంటాడు.

ఆ ఫోన్ ఎక్కడుందో, పక్కన ఎవరుంటారో నేను అడగలేదు. పరిశోధనలో పిల్లాడి జవాబు ఏ పరిస్థితిలో వచ్చిందో రాసుకోమని మా విద్యార్థులకు చెప్తుంటాను. నేనే రాసుకోలేదు. ఆ రెండు వారాలు ఆ కుర్రాడు ఎంత ఒంటరిగా ఉన్నాడో అక్క చెప్తుంటే వినడం కష్టమైంది. ఇప్పుడు ఎవరితో మాట్లాడినా మొదటి ప్రశ్న "పక్కన ఎవరన్నా ఉన్నారా? అవునూ కాదూ అంటే చాలు" అన్నదే.

కాలేజీవాళ్ళతో మాట్లాడాం. చదువు అక్కడే, మకాం బయట. అమ్మకి కాయ కోతల కాలం, కదల్లేదు. ఊళ్ళోంచి అమ్మమ్మ దిగింది, ఒక గది, ఒక స్టవ్వు, రెండు చాపలతో. అక్క తన పాత ఫోన్ ఇచ్చింది. బోరు మళ్ళీ మొదలైంది, ఈసారి పొద్దున ఏడింటికి, సాయంత్రం ఐదింటికి, పడుకునే ముందు, మనసైతే మధ్యలో ఎప్పుడైనా.

ఒక రాత్రి, ఒక పొద్దున

ఫిబ్రవరి చివర్లో ఒక శనివారం, మార్కుల లిస్టు పెట్టిన రోజు. సాయంత్రం ఇంచు. పదకొండింటికి అర ఇంచు. పన్నెండూ నలభైకి ఒక్క మాట: "ఆగింది."

నా ఫోన్ సైలెంట్‌లో ఉంది. అక్క ఫోన్ మోగింది. ఆమె ముందు తమ్ముడికి కాదు, అమ్మమ్మకి చేసి లేపింది. అలా చెయ్యాలని మేం ముందే అనుకున్నాం. అమ్మమ్మ ఏమీ అడక్కుండా తన చాప పక్కకి లాగి, "ఇక్కడ పడుకో నాయనా" అని వెన్ను రాస్తూ కూర్చుంది. అక్క దాదాపు గంటసేపు ఫోన్‌లోనే ఉంది, మధ్యలో 14416ని కలిపింది. రెండింటికి నిద్రపోయాడు. పొద్దున ఏడింటికి సాధనం మామూలుగా అడిగింది. జవాబు వచ్చింది: "ఇంచుంపావు."

మధ్యాహ్నం నా దగ్గర అబ్బాయీ, అక్కా, అమ్మమ్మా ముగ్గురూ కూర్చున్నారు. రెండు వారాల అంకెల్ని గీతగా గీసి అతని ముందు పెట్టాను. "అర్ధరాత్రి ఆగిపోయింది. ఏడింటికి ఇంచుంపావు. మధ్యలో ఏం మారింది? అప్పు తీరిందా? మార్కులు పెరిగాయా?"

గీత వైపే చూస్తూ ఉన్నాడు. "ఏం మారలేదు మేడమ్. పడుకున్నాను."

మళ్ళీ తనే వేలు పెట్టి చూపించాడు, "ఇక్కడా అంతే. ఇక్కడ కూడా."

పదిహేను రోజుల్లో ఆరుసార్లు దిగింది. ప్రతిసారీ రాత్రి పదకొండుకీ ఒంటిగంటకీ మధ్య, ప్రతిసారీ పొద్దుటికి లేచింది. 2017లో క్లీమన్, నాక్ తదితర పరిశోధకులు ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ళను ఫోన్ల ద్వారా రోజుకు పలుమార్లు అడిగి చూపించింది ఇదే. ఆ ఆలోచన రోజంతా ఒకే ఎత్తులో ఉండదు, గంటల్లో లేస్తుంది, గంటల్లో తగ్గుతుంది. వారానికోసారి పగలు పదకొండింటికి నా గదిలో కూర్చునే మనిషికి రాత్రి పదకొండింటి మనిషి కనపడడు. అదే ఏడాది ఫ్రాంక్లిన్ బృందం యాభై ఏళ్ళ పరిశోధనల్ని, 365 అధ్యయనాల్ని వడపోసి, ఎవరు ఆత్మహత్యకు పాల్పడతారో ముందుగా చెప్పడంలో మనం బొమ్మా బొరుసూ కంటే ఏమంత మెరుగు కాదని తేల్చింది. ఆ రెండూ పక్కపక్కన చదివాక యాప్ ముప్పును పసిగట్టాలన్న పట్టుదల నాలో చల్లారింది. పసిగట్టనక్కర్లేదు. ఆ రెండు గంటలు పక్కన ఒక చాప ఉంటే చాలా రాత్రులు దాటిపోతాయి.

గీతలో తన రాత్రుల్ని తానే చూసుకున్నాక కాగితంలో ఒక వాక్యం కొత్తగా చేర్చాడు: "పదకొండు తర్వాత ఏ నిర్ణయమూ తీసుకోను, ఫీజు లెక్క వెయ్యను." వాట్సాప్‌లో పిన్ చేసి పెట్టుకున్నాడు.

అప్పుల పుస్తకం

నాన్నగారితో రెండుసార్లు మాట్లాడాను. "నేను వాణ్ణి ఒక్కమాట కూడా అనలేదు మేడం గారూ," అని మళ్ళీ మళ్ళీ అన్నారు. నిజమే, అనలేదు. అప్పు గురించి ఏమీ అనకపోవడమే అబ్బాయికి పెద్ద అంకెలా తోచింది. పుస్తకం తెచ్చి వాడికి చూపించగలరా అని అడిగాను. బిడ్డ ముందు అప్పు విప్పడమంటే ఆయనకి ఎంత సిగ్గో నాకు తెలుసు. వారం తర్వాత తెచ్చారు.

కౌలు, మందుల షాపు బాకీ, నల్లి తెగులొచ్చిన ఏడాది పోయిన పంట, అక్క హాస్టలు, చిట్టి. ఒక్కో వరస మీద వేలు పెట్టి చదివారు. కాలేజీ ఫీజు వంతు మొత్తంలో పావు కూడా లేదు. దసరాకి అబ్బాయి చివరి అంకె ఒక్కటే చూసి అదంతా తనదే అనుకున్నాడు.

"ఇదంతా నీ మూలాన అనుకున్నావా?" అన్నారాయన. గొంతు పట్టేసింది. "నువ్వు లేకపోతే ఈ పుస్తకం రాయడం ఎందుకురా నాకు?"

నేను ఏమీ కలపలేదు. పద్దెనిమిది నెలలు ఇతన్ని పలకరిస్తూ ఉండాలని నేను వేసుకున్న ప్రణాళికలో ఈ అరగంట కంటే పని చేసిన అరగంట లేదు.

ఫలితాల రోజు, ఆ తర్వాత

2025లో ఆంధ్రప్రదేశ్ ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 12న వచ్చాయి, రాష్ట్ర ప్రభుత్వపు ‘మన మిత్ర’ వాట్సాప్ సేవలో కూడా. పూర్వం నెట్ సెంటర్‌కి నలుగురు కలిసి వెళ్ళేవాళ్ళు, ఏడ్చినా పక్కన ఒకడుండేవాడు. ఇప్పుడు మార్కులు నేరుగా జేబులోకొస్తాయి, పిల్లాడు ఎక్కడుంటే అక్కడికి. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్నాం. ఆ నెల మర్చిపోయినవాళ్ళు ఈ రంగంలో ఎవరూ లేరు. అందుకే ఆ రోజుకి వేరే కాగితం రాశాం. హాల్‌టికెట్ నంబరు అక్క దగ్గర, చూసేది అక్క, అందరూ ఇంట్లో ఉన్నాక. అనుకున్నదానికి వంద మార్కులు తగ్గాయి. పాసయ్యాడు. తప్పి ఉంటే ఏం చెయ్యాలో కూడా రాసిపెట్టుకున్నాం, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఫీజు గడువుతో సహా. ఆ రాత్రి బోరు అర ఇంచుకి దిగింది. తర్వాత రోజు మూడు పావులు.

ఫాలోఅప్‌కి నేను వాడుకున్న పట్టిక ప్రపంచ ఆరోగ్య సంస్థది. ఆత్మహత్యా ప్రయత్నం చేసి ఆసుపత్రికొచ్చిన 1,867 మందితో ఐదు దేశాల్లో చేసి 2008లో ప్రచురించారు, మన చెన్నై కూడా అందులో ఒకటి. ఒక గంట మాట్లాడటం, ఆపైన పద్దెనిమిది నెలల్లో తొమ్మిదిసార్లు పలకరించడం. అంతే. పలకరించినవాళ్ళలో ఆత్మహత్య మరణాలు 0.2 శాతం, మామూలు చికిత్సతో వదిలేసినవాళ్ళలో 2.2 శాతం. ఒక నర్సూ, ఒక ఫోనూ ఉంటే మండల ఆసుపత్రిలో కూడా చెయ్యగలిగిన పని ఇది. మన దగ్గర ఎందుకు చెయ్యట్లేదో నాకు మింగుడు పడదు.

2025 జూలై 25న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, విశాఖపట్నంలో నీట్‌కి చదువుతూ చనిపోయిన పదిహేడేళ్ళ విద్యార్థిని కేసులో. నూరుమందీ అంతకు మించీ పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, వీలైనంతవరకు మార్కుల్ని బట్టి బ్యాచులుగా విడగొట్టకూడదని, టెలీ మానస్ నంబరు హాస్టళ్ళలో కనపడేలా పెట్టాలని చెప్పింది. నంబరు గోడ మీద రాయిస్తారు, అది తేలిక. దాని కింద పిల్లాడు తలుపేసుకుని మాట్లాడుకోగల ఒక ఫోన్ కూడా పెట్టించమని నాకు తెలిసిన ప్రతి ప్రిన్సిపాల్‌నీ అడుగుతున్నాను. ఇప్పటికి ఇద్దరు పెట్టించారు.

అబ్బాయి ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు, ఇంటినుంచి బస్సులో వెళ్ళొస్తాడు. మందు ఎనిమిది నెలలు వాడాక సైకియాట్రిస్టు గారే తగ్గిస్తూ ఆపించారు. అప్పు అలాగే ఉంది, ఈ ఏడు ధర కూడా అంతంతమాత్రమే. పన్నెండో నెల పలకరింపుకి నేనే ఫోన్ చేశాను. పక్కన ఎవరన్నా ఉన్నారా అంటే "అమ్మమ్మ ఉంది, పర్లేదు, ఆమెకి అన్నీ తెలుసు" అన్నాడు. నవంబరులో రెండు రాత్రులు దిగిందట, చాప లాక్కుని అమ్మమ్మ పక్కన పడుకున్నాడట. రోజూ వచ్చే ప్రశ్న ఇక ఆపెయ్యమన్నాడు. ఆపేశాను. తర్వాతి పలకరింపు జూలైలో.